రోమ్‌లో చదువు, పాంపేకి ఒక్క రోజు: రైలు, టికెట్టు, లోపల దారి

సెమిస్టర్_పక్షి:

అందరికీ నమస్కారం. ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ మీద రోమ్‌లో ఉన్నాను, చదివేది సివిల్ ఇంజినీరింగ్. నవంబరులో క్లాసులు లేని రోజు ఒకటి దొరికేలా ఉంది. పొద్దున్నే బయల్దేరి, అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత రోమన్ ఊరు పాంపే చూసి, అట్నుంచి నేపుల్స్ ఆర్కియాలజీ మ్యూజియంకి వెళ్లి అక్కడున్న మన దంతపు బొమ్మ (పాంపే లక్ష్మి అంటారు కదా, అదే) చూసి, రాత్రికి రోమ్ చేరాలని ఆలోచన. ఇది అయ్యే పనేనా? స్టూడెంట్ డిస్కౌంటు మనవాళ్లకి వర్తిస్తుందా? లోపల నాలుగైదు గంటలే దొరికితే ఏ దారిన నడవాలి? గైడు పెట్టుకునే ఉద్దేశం లేదు. టూరిస్టు సోది వద్దు, నీళ్లు, రోడ్లు, గోడలు ఎలా కట్టారో చూడాలని ఉంది.

రెండో_ప్లాట్‌ఫారం:

అవుతుంది, కానీ రెండు షరతులు. ఒకటి, మంగళవారం పెట్టుకోకండి, నేపుల్స్ మ్యూజియంకి ఆ రోజు సెలవు. రెండు, ముందు పాంపే, తర్వాతే మ్యూజియం. చలికాలం వేళల్లో పాంపే 9 నుంచి 17 దాకానే, 15:30 దాటితే లోపలికి పంపరు. మ్యూజియం 19:30 దాకా ఉంటుంది. పైగా నవంబరు చివర్లో అక్కడ ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది.

రోమా టెర్మినీ నుంచి నాపోలి చెంత్రాలేకి (నేపుల్స్ ప్రధాన స్టేషన్) హైస్పీడ్ రైలు 1 గంట 10 నిమిషాలు. రెండు మూడు వారాల ముందు కొంటే 20 యూరోల చుట్టుపక్కల దొరుకుతుంది, అదే రోజు కొంటే రెట్టింపు దాటుతుంది. రీజినల్ రైలు చవక గానీ రెండున్నర నుంచి మూడు గంటలు తింటుంది, ఒక్కరోజు ప్లానుకి పనికిరాదు. ఉదయం 7 ప్రాంతంలో ఎక్కితే 8:15కి నేపుల్స్‌లో ఉంటారు. తిరుగు టికెట్టు దగ్గర జాగ్రత్త: అతి చవక రేటు టికెట్లు ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి, రైలు తప్పితే డబ్బు పోయినట్టే. తిరుగు ప్రయాణానికి కొంచెం ఎక్కువ పెట్టి, మార్చుకునే వీలున్న టికెట్టు తీసుకోండి.

నాపోలి చెంత్రాలేలో దిగి కింది అంతస్తుకి (దాన్ని గరిబాల్ది స్టేషన్ అంటారు) వెళ్తే చిర్కుమ్‌వెసువియానా లోకల్ రైళ్లు. సొర్రెంతో వైపు వెళ్లేది ఎక్కి 'పాంపేయి స్కావి, విల్లా దెయ్ మిస్తేరి' అనే స్టేషన్లో దిగాలి. 35-40 నిమిషాలు. ఇక్కడే చాలామంది పొరబడతారు: పాంపే పేరుతో స్టేషన్లు ఒకటి కాదు. పొజ్జోమరీనో లైను మీద 'పాంపేయి సాంతువారియో' ఉంది, జాతీయ రైల్వే వాళ్ల 'పాంపేయి' వేరే ఉంది. ఆ రెండూ కొత్త ఊళ్లో ఉంటాయి. వాటిల్లో దిగితే ఆంఫీథియేటర్ గేటు దగ్గరవుతుంది గానీ పోర్తా మరీనా గేటు దూరం. 'స్కావి'లో దిగితే పోర్తా మరీనా రెండు నిమిషాల నడక.

చిర్కుమ్‌వెసువియానాలో కూర్చునే చోటు దొరకాలంటే, అది బయల్దేరే పోర్తా నొలానా స్టేషన్‌కే నడిచి వెళ్లండి. గరిబాల్దికి ఒక స్టాపు ముందే అది. గరిబాల్దిలో ఎక్కితే నిలబడటమే. బ్యాగు ముందుకు వేసుకోండి, ఫోను వెనక జేబులో పెట్టొద్దు.

సమ్మె ఉందో లేదో ముందు రోజు తప్పక చూడండి. ఇటలీలో రైల్వే సమ్మెలు ముందే ప్రకటిస్తారు. పనిదినాల్లో 6 నుంచి 9, 18 నుంచి 21 మధ్య రీజినల్ రైళ్లకి గ్యారంటీ ఉంటుంది, చిర్కుమ్‌వెసువియానాకి దాని వేళలు దానివే. సమ్మె రోజైతే రోమ్‌లోనే ఉండి, దగ్గర్లోని పాత రోమన్ రేవు ఊరు ఓస్తియా అంతీకా చూసుకోవడం తెలివైన పని. అది పొర్తా సాన్ పావొలో నుంచి మామూలు సిటీ టికెట్టు మీద అరగంట. సోమవారం మాత్రం మూసి ఉంటుంది.

అచ్చుతప్పులు:

టికెట్టు సంగతి నేను చెప్తా. 2024 నవంబరు నుంచి పాంపే టికెట్లు పేరు మీద ఇస్తున్నారు, రోజుకి 20,000 మందికే ప్రవేశం. గేటు దగ్గర గుర్తింపు కార్డు అడుగుతారు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. మన ఇంటిపేర్లతో ఇక్కడ చిక్కు వస్తుంది: ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటులో రెండు గడులూ తారుమారు చేస్తుంటారు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే కొన్యోమె (ఇంటిపేరు) గడిలోకి రావాలి.

డిస్కౌంటు: 18-25 ఏళ్లవాళ్లకి 2 యూరోలే అని బోర్డు మీద చూసి ఆశపడకండి. అది యూరోపియన్ యూనియన్ పౌరులకి. పెర్మెస్సో (ఇటలీలో ఉండటానికిచ్చే పర్మిట్) ఉన్నా భారతీయ పాస్‌పోర్టుకి పూర్తి రేటే. ఒక మినహాయింపు ఉంది: యూనియన్ దేశాల యూనివర్సిటీల్లో ఆర్కిటెక్చర్, వారసత్వ పరిరక్షణ, ఆర్కియాలజీ, కళాచరిత్ర లాంటి కోర్సుల్లో చేరినవాళ్లకి, ఏ దేశం వాళ్లయినా, ప్రభుత్వ మ్యూజియంలు ఉచితం. ఆ ఏడాది ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్టు చూపాలి. సివిల్ ఆ జాబితాలో లేదు, కాబట్టి మీకు వర్తించదు. మీతో ఆర్కిటెక్చర్ చదివే స్నేహితులెవరైనా వస్తుంటే వాళ్లకి చెప్పండి.

నెలలో మొదటి ఆదివారం అందరికీ ఉచితం. ఊరికే వస్తుంది కదా అని ఆ రోజు వెళ్తే, జనం ఎగబడే వెత్తీయి ఇంటి ముందు క్యూలోనే పొద్దు పోతుంది. డబ్బుకి ఇబ్బంది లేకపోతే మామూలు పనిదినమే మేలు.

రెండు రకాల టికెట్లుంటాయి. ఒకటి పాత నగరానికి మాత్రమే, రెండోది కొన్ని యూరోలు ఎక్కువ పెడితే ఊరి గోడ బయటి విల్లా ఆఫ్ మిస్టరీస్ వగైరా కలిపి. బయటికొస్తే మళ్లీ లోపలికి పంపరు. 30x30x15 సెంటీమీటర్లు దాటిన బ్యాగు లోపలికి రాదు, ప్రవేశం దగ్గరే లాకర్లో పెట్టించుకుంటారు. అయితే ఆంఫీథియేటర్ వైపు బయటికి రావాలనుకున్నవాళ్లు దాని కోసం ఊరంతా దాటి వెనక్కి నడవాలి, అందుకే చిన్న సంచీతోనే వెళ్లండి. స్టేషన్ బయట 'ఇన్ఫర్మేషన్' అని రాసుకుని పిలిచే స్టాళ్లు చాలావరకు టూర్లు అమ్ముకునేవే. లోపల రెండు గంటల క్యూ ఉందంటారు, పట్టించుకోకండి.

సున్నం_సుద్ద:

సివిల్ వాళ్లకి పాంపే బంగారం లాంటి చోటు. అందరూ ఫోరంలో (ఊరి ప్రధాన చౌకు) ఫొటోలు దిగి గోడల మీది బొమ్మలు చూసి వచ్చేస్తారు. మీరు కిందికి చూస్తూ నడవండి.

మొత్తం ఊరు 66 హెక్టార్లు, అందులో మూడింట రెండు వంతులు తవ్వారు. నాలుగున్నర గంటల్లో అంతా అవదు. ఉచిత మ్యాపు అడిగి తీసుకోండి. ఇళ్ల చిరునామాలు ప్రాంతం, బ్లాకు, గుమ్మం నంబరు అనే వరుసలో ఉంటాయి. తొమ్మిది ప్రాంతాలు. ఈ పద్ధతి 1860లలో జుసెప్పె ఫియొరెల్లి పెట్టింది. మనుషుల ఖాళీల్లో ప్లాస్టర్ పోసి ఆకారాలు బయటికి తీయించిందీ ఆయనే, 1863లో. ఏ ఇళ్లు ఆ రోజు తెరుస్తారో అధికారిక సైట్లో చూసుకోండి, వంతులవారీగా మూస్తుంటారు.

పోర్తా మరీనాలో ఎక్కగానే బసిలికా. పేరు చూసి చర్చి అనుకోకండి, అది కోర్టు, వ్యాపార మంటపం. స్తంభాలు ఇటుక ముక్కలతో పేర్చి పైన సున్నపు పూత పూసినవి, పూత రాలిన చోట లోపలి పేర్పు కనిపిస్తుంది. ఫోరంలో రాతిపని కొన్ని చోట్ల సగంలో ఆగి ఉంటుంది. క్రీ.శ. 62లో పెద్ద భూకంపం వచ్చింది, 79లో అగ్నిపర్వతం పేలేనాటికి కూడా మరమ్మతులు పూర్తి కాలేదు. ఆ లెక్కన ఊరు మొత్తం రెట్రోఫిట్టింగ్ (పాత కట్టడాలను బలపరిచే పని) సైటు. ఎక్కడైనా పాత రాతిగోడలో కొత్త ఇటుక అతుకు కనిపిస్తే 62 తర్వాతి పని అయ్యే అవకాశం ఎక్కువ.

గోడ వయసు రాయిని బట్టి సుమారుగా పట్టుకోవచ్చు. పసుపురంగు సార్నో సున్నపురాయి పెద్ద దిమ్మెలు పాతవి, ఆ తర్వాతి తరానివి బూడిదరంగు నొచేరా టఫ్ (అగ్నిపర్వత బూడిద గట్టిపడిన రాయి), ఇటుకా రాతిముక్కల కాంక్రీటూ ఇంకా తర్వాత. చిన్న రాతిముక్కలు చదరపు వలలా పేర్చిన పని ఎక్కడ కనిపించినా అగస్టస్ చక్రవర్తి కాలపు చుట్టుపక్కలది అనుకోండి. ఇవి కచ్చితమైన తేదీలు కావు, పాత రాళ్లు తీసి మళ్లీ వాడారు కూడా.

ఇక నీళ్లు. ఉత్తరాన పోర్తా వెసూవియో దగ్గర ఊళ్లో ఎత్తైన చోట ఇటుక గది ఉంటుంది, కాస్తెల్లుమ్ అక్వే. కాలువ నీళ్లు అక్కడికొచ్చి మూడు పాయలుగా విడేవి. అక్కడి నుంచి దక్షిణాన పోర్తా స్తాబియా దాకా 30 మీటర్లకు పైగా పల్లం. నేరుగా సీసపు గొట్టం వేస్తే కింది వీధుల్లో పీడనానికి అతుకులు పగిలిపోతాయి. అందుకని కూడళ్లలో సుమారు 6 మీటర్ల స్తంభాలు కట్టి, పైన సీసపు తొట్టె పెట్టి, నీటిని ఎక్కించి దించి పీడనం విరగ్గొట్టారు. ఆ స్తంభాల పక్కగోడలో గొట్టాలు ఎక్కిన నిలువు గాడి ఇప్పటికీ కనిపిస్తుంది, లోపల సున్నపు పొర గట్టిపడి ఉంటుంది. ఫుట్‌పాత్ అంచున అక్కడక్కడ సీసపు గొట్టం బయటే ఉంది. గొట్టం అడ్డుకోత గుండ్రంగా ఉండదు, రేకును చుట్టి పైన అతికించినది కాబట్టి బేరిపండు ఆకారం.

చాలా వీధుల కింద మురుగుకాలువ లేదు. నీటిగొట్టాల దగ్గర పొర్లిన నీళ్లూ, వానా వీధి మీదే పారేవి. అందుకే ఫుట్‌పాత్‌లు అంత ఎత్తు, అందుకే మధ్యలో దాటే రాళ్లు. రాళ్ల మధ్య సందులోంచే బండి చక్రాలు పోవాలి, అరిగిన గాడులు సరిగ్గా ఆ సందుల్లోకే వస్తాయి. వంకర దగ్గర గాడి ఏ వైపు లోతో గమనించండి. నవంబరు వానలో ఈ నల్ల లావారాళ్లు నూనె రాసినట్టు జారతాయి, అరిగిన బూట్లతో వెళ్లొద్దు.

కొట్ల గడపలు కూడా చూడదగ్గవి. ఒక చివరి నుంచి పొడుగ్గా సన్నటి గాడి ఉంటుంది, చెక్కపలకలు ఒకదాని పక్కన ఒకటి జరిపిందందులోనే. ఇంకో చివర గుండ్రటి గుంట ఉంటుంది, అక్కడ చిన్న తలుపు తిరిగేది. అంటే పలకలన్నీ వేసేసినా లోపలివాళ్లు ఆ తలుపుగుండా వచ్చిపోయేవాళ్లు.

రొట్టెల బట్టీ ఒకటైనా నిదానంగా చూడండి. పోర్తా ఎర్కొలానో వైపు వెళ్లే వీధుల్లో తిరగళ్లు వరసగా నిలబడి ఉంటాయి. కిందిది శంఖాకారపు దిమ్మె, పైది డమరుకం ఆకారం. పైదాని నడుము దగ్గర ఇరువైపులా చదరపు రంధ్రాలు కనిపిస్తాయి, కొయ్య దూలం అక్కడ దూర్చి గాడిదతో తిప్పించేవాళ్లు. రాయి నిండా చిన్న గాలిబుడగల గుంటలున్న లావా. అరిగేకొద్దీ కొత్త గుంటల అంచులు తేలతాయి, అందుకని గింజను కొరికే పదును పోదు. తిరగలి చుట్టూ నేల మాత్రం రాళ్లు పరిచి ఉంటుంది, గిట్టలకి మట్టి లేచిపోకుండా. మొదెస్తుస్ బట్టీ అని పిలిచేదాంట్లో 81 రొట్టెలు బొగ్గయి దొరికాయి.

మిగతావి త్వరగా చెప్తాను. ఫాన్ ఇల్లు ఒక బ్లాకు మొత్తం, సుమారు 3,000 చదరపు మీటర్లు. నేల మీదున్న అలెగ్జాండర్ మొజాయిక్ నకలు, అసలుది నేపుల్స్ మ్యూజియంలో. వెత్తీయి ఇల్లు 2023లో మళ్లీ తెరిచారు, క్యూ పొడుగ్గా ఉంటే వదిలెయ్యండి. స్తాబియన్ స్నానశాలలో నేల కింద చిన్న ఇటుక స్తంభాలూ, గోడ వెనక ఖాళీ పొరా చూడండి, వేడిగాలి ఆ రెంటిలోంచే పోయేది.

సెమిస్టర్_పక్షి:

చాలా థాంక్సండీ. తిరగలి రాయి గుంటల సంగతి ఎక్కడా చదవలేదు. ఇంకో రెండు: ఆంఫీథియేటర్, విల్లా ఆఫ్ మిస్టరీస్ ఊరికి చెరో చివర ఉన్నాయి కదా, ఏదో ఒకటే అంటే ఏది? మేము శాకాహారులం, లోపల ఏమైనా దొరుకుతుందా?

రెండో_ప్లాట్‌ఫారం:

మ్యూజియం కూడా పెట్టుకున్నారు కాబట్టి విల్లా ఆఫ్ మిస్టరీస్. దాన్ని చివరికి పెట్టుకోండి: పోర్తా ఎర్కొలానో దాటి సమాధుల వీధిలో నడిస్తే వస్తుంది, అటునుంచే బయటికి వచ్చి స్కావి స్టేషన్‌కి పది నిమిషాల్లో చేరొచ్చు. రొట్టెల బట్టీలు కూడా ఆ దారిలోనే. ఎర్ర గోడల గది ఒక్కటి చూసినా ఆ నడకకి గిట్టుబాటే.

ఆంఫీథియేటర్ మీద మోజు ఉంటే ఆ ప్లానే వేరు. అది క్రీ.పూ. 70 ప్రాంతపుది, ఇప్పటికి మిగిలిన రాతి ఆంఫీథియేటర్లలో పాతది. కింద మట్టి తవ్వి, ఆ మట్టినే చుట్టూ గట్టుగా పోసి కట్టారు, అందుకని మెట్లు బయటివైపు ఉంటాయి. అటు వెళ్తే పక్కనే పారిపోతూ చనిపోయిన 13 మంది ప్లాస్టర్ ఆకారాలున్న తోట ఉంది. బయటికొచ్చి కొత్త ఊళ్లోని స్టేషన్లలో ఒకదాంట్లో రైలెక్కితే సరి, స్కావి దాకా వెనక్కి నడవనక్కర్లేదు.

తిండి: లోపల ఫోరం దగ్గర ఒక కెఫే ఉంది, శాండ్‌విచ్‌లు దొరుకుతాయి, అంతే. పొద్దున నేపుల్స్ స్టేషన్లోనే ఏదైనా కట్టించుకోండి. మంచినీళ్లు కొననక్కర్లేదు, వీధుల్లో తాగునీటి కుళాయిలున్నాయి, సీసా చాలు. సాయంత్రం నేపుల్స్‌లో మారినారా పిజ్జా చెప్పండి: టమాటా, వెల్లుల్లి, ఓరెగానో, నూనె, ఇంకేమీ ఉండవు. జున్నులో రెన్నెట్ (దూడ కడుపులోంచి తీసే, పాలు విరిచే పదార్థం) పట్టింపు ఉన్నవాళ్లకి కూడా చిక్కు లేదు.

శాతవాహన_గవ్వ:

బొమ్మ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. 1938లో అమెదెయో మయూరి తవ్వకాల్లో, వియా దెల్ అబ్బొందాంజా వీధి పక్క ఇంట్లో దొరికింది. ఇంటికి ఇప్పుడు 'భారతీయ బొమ్మ ఇల్లు' అనే పేరే స్థిరపడింది. ఏనుగు దంతం, సుమారు 25 సెంటీమీటర్లు, అంటే ఫొటోల్లో ఊహించుకునేదానికన్నా చాలా చిన్నది. స్త్రీ మూర్తి, ఇటొకరు అటొకరు చిన్న పరిచారికలు. మెడలో హారాలూ, ముంజేతి నుంచి మోచేతి దాకా గాజులూ, నడుముకి మేఖలా తప్ప బట్టలు లేవు. చేయి మడిచి వీపు వైపు పెట్టుకున్న తీరు పక్కకి జరిగి చూస్తేనే అందుతుంది. వెనక జడ చెక్కిన పని కూడా వదలకండి, ముందువైపుకి తీసిపోదు.

లక్ష్మి అన్నది మొదట్లో పెట్టిన పేరు. చేతిలో పద్మం లేదు, ఏనుగులు లేవు, అందుకని ఇప్పుడు చాలామంది యక్షి అంటున్నారు. తల మీద నుంచి కిందికి రంధ్రం ఉంది. దాన్ని బట్టి అద్దం పిడి అనీ, చిన్న బల్ల కాలు అనీ రెండు వాదనలు. పీఠం అడుగున ఖరోష్ఠి అనే పాత లిపి అక్షరం చెక్కి ఉంది, అంటే వాయవ్య భారతం వైపు సంబంధం. కానీ ఇలాంటి దంతపు బొమ్మలే మహారాష్ట్రలో తేర్, భోకర్దన్‌లలో దొరికాయి, అవి శాతవాహనుల ఏలుబడిలోని ఊళ్లు. చేసింది దక్కన్‌లో, అమ్మిన దారి ఉత్తరాది మీదుగా అనుకోవడానికి అడ్డేమీ లేదు, తేల్చి చెప్పే ఆధారమూ లేదు. మన వైపు అక్కనపల్లి, వినుకొండల్లో రోమన్ నాణేలు దొరికాయి కాబట్టి డబ్బు ఇటు వచ్చిన జాడ మాత్రం గట్టిదే. భారతదేశం మా దగ్గర ఏటా 5 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) లాగేస్తోందని వాపోయిన రోమన్ రచయిత పెద్ద ప్లినీ, వెసూవియస్ పేలినప్పుడే అక్కడికి దగ్గర్లోని స్తాబియేలో పోయాడు.

మ్యూజియంలో అది గబినెట్టో సెగ్రెతో అనే గదుల్లో ఉంటుంది, మొజాయిక్‌ల పక్కనే, మధ్య అంతస్తులో. పాంపేలో దొరికిన శృంగార బొమ్మలన్నీ కలిపి పెట్టిన విభాగం అది. 14 ఏళ్ల లోపు పిల్లల్ని పెద్దవాళ్లు లేకుండా పంపరు. గదులు వంతులవారీగా మూయడం ఇక్కడా ఉంది, బొమ్మలు వేరే ప్రదర్శనలకి అప్పుగా వెళ్లడమూ ఉంది. అందుకని టికెట్టు కొనేముందే కౌంటర్లో రెండూ అడగండి. గరిబాల్ది నుంచి మెట్రో లైను 2 ఎక్కితే ఒకటే స్టాపు, కవూర్. మ్యూజియం పక్కనే.

సున్నం_సుద్ద:

ఒక్క మాట తేడా చెప్తా. ఒక్కరోజులో రెండూ కుదిరినా, మ్యూజియం గంటన్నరకి మించదు, ఆ కాస్త సమయాన్ని అన్ని అంతస్తులకీ పంచొద్దు. మధ్య అంతస్తు చూసి, పైన గోడచిత్రాలు చూసి వచ్చేయండి. కింది అంతస్తులోని ఫర్నేసె పాలరాతి విగ్రహాలు గొప్పవే గానీ పాంపేవి కావు, రోమ్ నుంచి వచ్చినవి. ఇంకో రోజు దొరికితే, అదే పేలుడులో పూడిన పక్క ఊరు ఎర్కొలానో పెట్టుకోండి, పై అంతస్తులూ కాలిన కొయ్య దూలాలూ అక్కడ మిగిలాయి. పాంపేలో ముందు గంటల తరబడి నురుగురాయి కురిసి కప్పులు కూలాయి, ఎర్కొలానోని మరిగే బూడిద ఒక్కసారిగా ముంచింది. కట్టడం చదివేవాళ్లకి ఆ రెండింటి తేడా చూడాల్సిందే.

తేదీ గురించి ఎవరైనా గైడు ఆగస్టు 24 అని ఘంటాపథంగా చెప్తే, 2018లో దొరికిన బొగ్గు రాత గురించి అడగండి. అందులో ఉన్నది అక్టోబరు 17. బొగ్గుతో గోడ మీద గీసినది ఏళ్ల తరబడి నిలవదు కాబట్టి అది ఆ ఏడాదిదే అని వాదన, అప్పుడు పేలుడు అక్టోబరు చివర్లో జరిగినట్టు.

రెండో_ప్లాట్‌ఫారం:

అయితే వేళలు ఇలా వేసుకోండి: 9:15కి గేటు, 13:45కి విల్లా ఆఫ్ మిస్టరీస్ బయట, 15:15 లోపు నేపుల్స్, 15:45 నుంచి 17:15 మ్యూజియం, పిజ్జా, 19:30 తర్వాతి రైలు. చిర్కుమ్‌వెసువియానా అరగంట ఆలస్యమైనా ఇది తట్టుకుంటుంది. గంట ఆలస్యమైతే పిజ్జా పార్సిల్ కట్టించుకోండి.